పాత ట్రక్కులో పవర్ సీట్లు

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. శనివారాలు మాత్రం మా పాత షెవీ పికప్ కిందో, లోపలో గడుస్తుంటాయి. ఈ వారం ఆ ట్రక్కులో సీట్లు మార్చడం గురించి మాట్లాడుకుందాం. "సీటుదేముందండీ, నాలుగు బోల్టులే కదా" అంటారు. బోల్టులు నాలుగే. కానీ బండి గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచేది బెల్టు. ఆ బెల్టు తన పని చెయ్యాలంటే కింద సీటు కదలకూడదు.

అసలు మార్చడం ఎందుకంటారా? మాది 1996 మోడలు. అడ్డంగా ఒకటే బెంచీ సీటు, మన ఊరి బస్సులో వెనక సీటులాగా. ముందుకి జరిపితే పక్కవాళ్లు కూడా జరగాల్సిందే. ఎత్తు పెంచుకునే వీలే లేదు. మా ఆవిడ ఐదడుగులు. పెడల్ అందాలంటే దాదాపు స్టీరింగుని ఆనుకుని కూర్చోవాలి. ఆ స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉంది. రొమ్ము ఎముకకీ స్టీరింగుకీ మధ్య కనీసం 10 అంగుళాలు ఉండాలని ఇక్కడి రహదారి భద్రతా శాఖవారు చెబుతారు. ఎత్తూ వాలూ మారే పవర్ సీటయితే పొట్టివాళ్లకి ఆ దూరం దొరికే అవకాశం ఎక్కువ. కొత్తవి కొనాలంటే ట్రక్కు కన్నా సీట్లే ప్రియం అయ్యేట్టున్నాయి గనక జంక్‌యార్డే గతి.

విజయవాడ ఆటోనగర్ తిరిగినవాళ్లకి జంక్‌యార్డ్ వింతగా అనిపించదు. తేడా ఏమిటంటే, ఇక్కడ చాలాచోట్ల పానాలు మనమే పట్టుకెళ్లాలి, మనమే విప్పుకోవాలి. ముందుగా సీటు కింద చూడండి. పసుపు రంగు కనెక్టరు కనబడితే ఆ సీటులో ఎయిర్‌బ్యాగో, బెల్టు బిగించే మందుగుండో ఉన్నట్టే. బేరం ఎంత బాగున్నా దాన్ని వదిలెయ్యండి. మెమొరీ బటన్లున్నవి కూడా వద్దు. వాటికి వేరే కంప్యూటరు పెట్టె ఉంటుంది, అది పాత ట్రక్కుతో మాట్లాడదు. కంప్యూటర్లతో రోజూ తల పగలగొట్టుకునేవాణ్ణి, నా మాట నమ్మండి.

ఇంకో తిప్పలు ఉంది. సీటు ముందుకి జరిగితే గానీ వెనక బోల్టులు అందవు, వెనక్కి జరిగితే గానీ ముందువి అందవు. యార్డులో బండికేమో బ్యాటరీ ఉండదు. అందుకని చిన్న 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజు కట్టిన రెండు వైర్లు వెంట తీసుకెళ్లండి. జీఎం బళ్లలో సాధారణంగా నారింజ రంగు వైరు పాజిటివ్, నల్లది గ్రౌండు. కలిపి స్విచ్ నొక్కితే సీటు కదులుతుంది, మోటార్లు బతికున్నాయో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. నీట మునిగిన బళ్ల విషయంలో జాగ్రత్త. 2017లో హార్వీ తుఫాను వరదల్లో హ్యూస్టన్ చుట్టుపక్కల ఎన్ని బళ్లు మునిగాయో మనందరికీ తెలుసు. పైన తోలు తుడిస్తే మెరుస్తుంది. పట్టాల గాడిలో ఎండిన బురద, మోటారు మీద తుప్పు మాత్రం దాగవు. వెనక నుంచి దెబ్బ తిన్న బండి అయితే సీటు వీపు వంగి ఉండొచ్చు, అదీ చూసుకోండి.

ఇక అసలు సంగతికొద్దాం. 2000 నుంచి 2006 దాకా వచ్చిన టాహో, సబర్బన్ సీట్లు చూడగానే మనసు లాగుతుంది. వాటిలో ముందు సీట్లకి భుజం బెల్టు సీటులోంచే వస్తుంది. మన పాత ట్రక్కులో అది తలుపు పక్క స్తంభం నుంచి వస్తుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం ఒడి పట్టీ బిగింపులు 3000 పౌన్లు, భుజం పట్టీ బిగింపులు మరో 3000 పౌన్ల లాగుడు ఒకేసారి తట్టుకోవాలి. బెల్టు సీటులోనే ఉంటే ఆ లాగుడంతా సీటు కాళ్ల మీదుగా నేల రేకులోకి దిగుతుంది. పాత ట్రక్కు నేలని ఆ లెక్కతో కట్టలేదు. చాలామంది రేకుకి కన్నాలు చేసి, పెద్ద వాషరు వేసి "గట్టిగానే ఉంది" అనేస్తారు. చేత్తో ఊపితే అన్నీ గట్టిగానే ఉంటాయి! నా మటుకు నేను చెప్పేది ఒకటే: మీ ట్రక్కు తరంలోనే, అంటే మాకయితే తొంభైల్లోని సబర్బన్ సీట్లే వెతకండి. కంపెనీ పెట్టిన బిగింపులే వాడండి, స్తంభం మీది బెల్టుని కదపొద్దు. బకుల్ సీటు ఫ్రేముకి ఉందో, నేలకి ఉందో చూసి, ట్రక్కు బెల్టుకి సరిపోయేదే పెట్టండి. బోల్టులు మామూలు హార్డ్‌వేర్ షాపు సరుకు కాదు, గ్రేడ్ 8వి గానీ, మెట్రిక్‌లో 10.9వి గానీ కావాలి. కొత్తగా బ్రాకెట్ తయారు చెయ్యాల్సొస్తే వెల్డింగు తెలిసినవాళ్లకి అప్పగించండి.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బళ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. అంటే మీరు బిగించింది మీరు తప్ప ఇంకెవరూ చూడరు.

వైరింగ్ తేలికే. పని మొదలుపెట్టే ముందు ట్రక్కు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. సీటు మోటార్లు బాగా కరెంటు తాగుతాయి. రేడియో వైరు నుంచో, సిగరెట్ లైటరు నుంచో తీస్తే వైరు కాలుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా 10 గేజ్ వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపుల సర్క్యూట్ బ్రేకర్ పెట్టండి. దూరంగా పెడితే మధ్యలో ఉన్న వైరుకి రక్షణ ఉండదు. ఇంజను గోడలోంచి వచ్చేచోట రబ్బరు గ్రామెట్ తప్పనిసరి, లేకపోతే రేకు అంచు వైరుని కోసేస్తుంది. చివరగా సీటుని అన్ని వైపులా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపి, కింద వైరు ఎక్కడా నలగడం లేదని టార్చి లైటుతో చూడండి.

సీటు వేడి చేసే ఏర్పాటు కూడా కలపాలా అని మిత్రులొకరు అడిగారు. దానికి వేరే ఫ్యూజు, వేరే స్విచ్ కావాలి. చికాగో వాళ్లయితే ఆలోచించండి. హ్యూస్టన్‌లో ఆ పని ఎండే ఉచితంగా చేసిపెడుతోంది.