లేబుల్ తప్పితే ప్రింటర్ పలకదు: లినక్స్ డివైజ్ ఫైళ్ల సంగతి

మన పెనుగొండ రావాల్సిన పార్శిల్ మీద ‘గ’ బదులు ‘క’ పడిందంటే అది శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ పోయినా పోతుంది. సరుకు మంచిదే, చీటీయే తేడా. లినక్స్ కంప్యూటర్లలోనూ ఇలాంటి చీటీ గొడవ ఒకటుంది.

లినక్స్‌లో హార్డ్ డిస్క్, ప్రింటర్ లాంటివి ‘డెవ్’ అనే ఫోల్డర్‌లో ఫైళ్లలా కనిపిస్తాయి. ఎస్ఈలినక్స్ అనే కాపలా వ్యవస్థ ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ తగిలిస్తుంది. ఏ ప్రోగ్రాం దేన్ని ముట్టుకోవచ్చో ఆ లేబుల్ చూసే తేలుస్తుంది. అమెరికా సంస్థ ఎన్ఎస్ఏ దీన్ని 2000 డిసెంబరులో విడుదల చేసింది, 2003లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. మనకెందుకులే అనుకోకండి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి మన జేబులో ఫోన్లకూ ఇదే కాపలా.

ఇప్పుడు ఒక రైస్ మిల్లు ఆఫీసులో పాత బిల్లు ప్రింటర్ ఉందనుకుందాం. దాని డ్రైవర్ స్క్రిప్టు ‘ఎంకేనాడ్’ కమాండ్‌తో డివైజ్ ఫైలును తనే పుట్టిస్తుంది. ఫైలుకు తాను పెట్టిన సొంత పేరు ఎస్ఈలినక్స్‌కు తెలియదు. దాంతో ‘ప్రింటర్ డివైజ్’ అని పడాల్సిన చోట ఫోల్డర్‌ది తెచ్చి ఉత్త ‘డివైజ్’ అని తగిలిస్తుంది. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉంటాయి, ప్రింట్ మాత్రం రాదు!

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొందరు ఎస్ఈలినక్స్‌నే ఆపేస్తారు. ఇంకొందరు లాగ్‌ను ‘ఆడిట్‌టుఅలౌ’కు ఇచ్చి, అది రాసిచ్చిన రూలును చదవకుండా ఎక్కించేస్తారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. ఆ రూలు మీ ప్రింటర్ ఒక్కదానికే కాదు, ‘డివైజ్’ అని లేబుల్ ఉన్న అలాంటి ఫైళ్లన్నిటికీ తలుపు తీస్తుంది. రేపు ఇంకో పరికరానికి ఇలాగే లేబుల్ తప్పితే అదీ బయటపడ్డట్టే. అందుకే ఆండ్రాయిడ్ పాలసీలో ఇలాంటి రూలు రాయడమే నిషేధం. ముందు సరైన లేబుల్ వేసుకు రమ్మంటుంది.

చేయాల్సింది ఇది. ‘ఎల్ఎస్’కు పెద్ద జెడ్ చేర్చి లేబుల్ చూడండి. డివైజ్ పేరు మామూలుదే అయితే ‘రీస్టోర్‌కాన్’ ఒక్కటి కొడితే చాలు, పాలసీలో ఉన్న లేబుల్ వచ్చేస్తుంది. మన ప్రింటర్‌లా సొంత పేరుంటే ముందు ‘సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ పేరుకు ప్రింటర్ లేబుల్ రాసిపెట్టి, తర్వాత రీస్టోర్‌కాన్ కొట్టాలి. ‘సీహెచ్‌కాన్’తో సరిపెట్టుకోకండి. డెవ్ ఫోల్డర్ మెమరీలో ఉండేది, కరెంటు పోయి సిస్టమ్ మళ్లీ లేచేసరికి అతికించిన చీటీ ఊడిపోతుంది. ఆ మాటకొస్తే స్క్రిప్టు కూడా ఫైలును కొత్తగా పుట్టిస్తుంది కాబట్టి, దాని చివర రీస్టోర్‌కాన్ లైను ఒకటి చేర్చండి.