కోడులో దాగిన అరువులు

జోగిపేట నుండి సంగారెడ్డి మీదుగా హైదరాబాదునకు పోవువారికి పటాన్‌చెరు చుట్టుప్రక్కల మందుల కర్మాగారములు కనబడును. ఒక్కొక్క మందునకు ముడిసరుకుల పట్టిక యొకటి ఉండును. అయినను పట్టికలో లేనిది మందులో ఉండవచ్చును. 2018లో వల్సార్టాన్ అను రక్తపుపోటు మందులో ఎన్.డి.ఎమ్.ఎ. అను హానికర పదార్థము బయటపడగా, అనేక దేశములు ఆ మాత్రలను వెనుకకు తెప్పించినవి. మొదట పట్టుబడినది చైనాలో తయారైన సరుకు. ఆ పదార్థమును ఎవరును కలుపలేదు. తయారీ పద్ధతి మార్చినప్పుడు ద్రావకమునందలి మాలిన్యమునకును, సోడియం నైట్రైటునకును జరిగిన చర్యవలన అది పుట్టినది.

కంప్యూటరు ప్రోగ్రాములలోను ఇట్టి చిక్కే గలదు. ప్రోగ్రాము వ్రాయువాడు సమస్తమును తానే వ్రాయడు. బొమ్మలు చదువుటకొక ప్యాకేజీ, తేదీలు లెక్కించుటకొక ప్యాకేజీ అరువు తెచ్చుకొనును. తెచ్చిన వాటి పేర్లు ఒక పట్టికలో వ్రాసి యుంచును. కాని ఆ ప్యాకేజీలకును తమవైన అరువులుండును; వాటికి మరికొన్ని. పది పేర్ల పట్టిక వెనుక వందల పేర్లుండుట వింత కాదు.

దీనివలన వచ్చు ముప్పు 2021 డిసెంబరులో లోకమునకు తెలిసినది. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములు తమ పనుల చిట్టా వ్రాసికొనుటకు వాడు లాగ్‌ఫోర్‌జె అను ప్యాకేజీలో లోపమొకటి బయటపడెను. బయటివాడు పంపిన ఒకానొక వాక్యమును అది చిట్టాకెక్కించినచో, ఆ వాక్యములో సూచించిన చోటినుండి పరుల ప్రోగ్రామును తెచ్చి నడపును! సవరణ కొద్దిదినములలోనే వచ్చినది. అయితే ఆ ప్యాకేజీ తమ యంత్రములలో ఎక్కడున్నదో తెలియక వెదకుటయే సంస్థలకు పెద్ద పని అయినది. జావా ప్యాకేజీలను పెట్టెలో పెట్టెగా సర్దవచ్చును. పైపెట్టె మీద లోపలిదాని పేరుండదు.

మరి వెదకుట ఎట్లు? మూలకోడులో ‘ఇంపోర్ట్’ అను మాటగల పంక్తులను ఏరుట మొదటి మార్గము. ఇందులో రెండు మోసములున్నవి. పైథాన్ భాషలో సీవీ2 అని పిలుచుదాని ప్యాకేజీ పేరు ఓపెన్‌సీవీ-పైథాన్. పీఐఎల్ అనునది నేడు పిల్లో అను ప్యాకేజీలో వచ్చును. పిల్లవానికి బడిలో పేరొకటి, ఇంట పిలుపొకటి అయినట్లే! కనుక రెండింటిని జతపరచు జాబితా వేరుగా కావలెను. ఇక రెండవది: కొన్ని ప్రోగ్రాములు నడుచుచున్నప్పుడే అక్షరములు కూర్చి ప్యాకేజీ పేరును తయారుచేసికొనును. అట్టిది చదివినంతమాత్రమున దొరకదు. ప్రోగ్రామును నడిపి చూడవలెను. నడిపినను, ఆనాడు నడచిన త్రోవలోనివే కనబడును.

అన్నిటికంటె గడ్డుది నకలు. 2002లో జెడ్‌లిబ్ అను, దత్తాంశమును కుదించు ప్యాకేజీలో దోషము కనబడినప్పుడు, దాని కోడును యథాతథముగా తమలో కలుపుకొన్న ప్రోగ్రాములు చాల ఉండెను. అట్టి నకలును పేరునుబట్టి పట్టుట కష్టము. ఇచ్చట వ్రేలిముద్రల పద్ధతి పనికివచ్చును. మొత్తము ఫైలునకు ఒకే ముద్ర తీసినచో, ఒక్క ఖాళీచోటు మారినను ముద్ర మారిపోవును. కావున ఖాళీలను, వ్యాఖ్యలను తొలగించి, కోడును చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకకు గణితముచే ఒక సంఖ్యను కట్టి, తెలిసిన ప్యాకేజీల సంఖ్యలతో పోల్చుదురు. ఒక విద్యార్థి ప్రోగ్రామును మరియొకడు చూచి వ్రాసిన సంగతిని కనిపెట్టుటకు కళాశాలలలో వాడునదియు ఇట్టి పద్ధతియే.

మనదేశమున సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబరులో, ప్రోగ్రాములలోని భాగముల పట్టికలు ఎట్లుండవలెనో తెలుపు మార్గదర్శకములను వెలువరించినది. పాఠశాలలోనే చేయదగిన పరీక్ష యొకటి గలదు. తన యంత్రములో చక్కగా నడచు ప్రోగ్రామును విద్యార్థి ఏ ప్యాకేజీలును లేని మరియొక కంప్యూటరునకు తీసికొనిపోయి, పట్టికలోని వాటిని మాత్రమే చేర్చి నడపవలెను. అది నడుమ ఆగి, ఫలానాది లేదని చెప్పినచో, ఆ పేరు పట్టికకెక్కలేదన్నమాట. ఏనాడో వేరొక పనికై తెచ్చిన ప్యాకేజీయే ఇంతకాలము ఆ ప్రోగ్రామును మోసినది.