తేరిన నీరు, తేటపడిన విద్య: ఖైరవాన్ నగరం

సమస్త స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా దేశంలో ఖైరవాన్ అనే ప్రాచీన నగరం ఉంది. హిజ్రీ 50 (క్రీ.శ. 670)లో సేనాని ఉఖ్బా బిన్ నాఫె దీనికి పునాది వేశారు. తీరప్రాంతానికి బైజాంటియన్ నౌకాదళపు ముప్పు ఉన్నందున ఆయన సముద్రానికి దూరంగా ఉన్న మైదానాన్ని ఎంచుకున్నారు.

అక్కడ జీవనది లేదు, వానలూ తక్కువే. అందువల్ల క్రీ.శ. 9వ శతాబ్దంలో అగ్లబీ పాలకులు కొండల నుంచి కాలువ ద్వారా నీరు రప్పించి, గుండ్రని జంట చెరువులు కట్టించారు. పెద్దదాని వ్యాసం దాదాపు 128 మీటర్లు. నీరు ముందుగా చిన్న చెరువులో చేరేది; ఒండ్రు అడుగుకు దిగాక, తేరిన నీరే పెద్ద చెరువులోకి పారేది. క్రీ.శ. 836లో పునర్నిర్మితమైన జామె మస్జిద్ ప్రాంగణంలోనూ ఇదే పద్ధతి. వాననీరు మెట్లు మెట్లుగా చెక్కిన పాలరాతి తూము వద్ద దుమ్మును వదిలి, భూగర్భపు తొట్టిలోకి దిగుతుంది.

ఆ నగరం విద్యను కూడా ఇలాగే నిలువ చేసింది. ఇమామ్ మాలిక్ (రహ్మలై) శిష్యుడైన ఇబ్నుల్ ఖాసిమ్ ఈజిప్టులో చెప్పిన సమాధానాలను అసద్ బిన్ ఫురాత్ గ్రంథస్థం చేసి ఖైరవాన్‌కు తెచ్చారు. ఆ నగరవాసియైన సహ్నూన్ (రహ్మలై) అంతటితో తృప్తిపడలేదు. ఆ ప్రతితో స్వయంగా ఇబ్నుల్ ఖాసిమ్ వద్దకు ప్రయాణించి, ఒక్కొక్క విషయాన్నీ తిరిగి అడిగి సరిచేసుకున్నారు. ఆ శ్రమ ఫలమే మాలికీ ధర్మశాస్త్రానికి మూలాధారమైన ‘అల్ ముదవ్వన’. వృద్ధాప్యంలో ఆయన ఎంతో సంకోచించిన తరువాతనే ఖాజీ పదవి స్వీకరించారనీ, అందుకు జీతం పుచ్చుకోలేదనీ చరిత్రకారులు రాశారు. అదే నగరానికి చెందిన వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్ పేదల చికిత్స కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు.

క్రీ.శ. 1057లో బనూ హిలాల్ తెగల దాడితో ఖైరవాన్ వైభవం అంతరించింది. సంపద పోయింది, రాజధాని హోదా పోయింది. అయినా ‘ముదవ్వన’ పోలేదు; మాలికీ పండితులు నేటికీ దానిని ఆధారంగా గ్రహిస్తున్నారు. 1988లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

సోదరులారా! ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమని దివ్య ఖుర్ఆన్ మనల్ని ఆదేశించింది. నేడు మన ఫోనుల్లోకి ధర్మం పేరిట ఎన్నో మాటలు వచ్చి పడుతున్నాయి. హదీసో కాదో తెలియకుండానే వాటిని క్షణంలో పదిమందికీ పంపుతున్నాం. ఒండ్రు నీటిని పొరుగింటి కడవలో పోయడానికి మనసొప్పని మనం, విచారించని మాటను పొరుగువాని విశ్వాసంలో ఎలా పోయగలం? ఒక్క గ్రంథం తేటపడడానికి సహ్నూన్ దేశాలు దాటి వెళ్లారు. మనం కనీసం మన వీధిలోని ఆలిమ్ వద్దకైనా వెళ్లలేమా?

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను, దానిని కల్తీ లేకుండా ఇతరులకు అందించే ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.