నీళ్ల కింద పుట్టిల్లు

మా పక్కింటి వదినగారు దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి, పనిలో పనిగా ఈజిప్టు కూడా చూసొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో అదే కబురు. ఫోన్లో అబూ సింబెల్ గుడుల ఫోటోలు చూపిస్తూ, "ఆస్వాన్ ఆనకట్ట కడితే మునిగిపోతాయని 1964 నుంచి 68 దాకా వాటిని ముక్కలుగా కోసి, పైకి తెచ్చి మళ్లీ కట్టారటమ్మా! ఈ చిన్నగుడి రాణీ నెఫర్తారిది. గుమ్మం ముందు రాజుగారి బొమ్మలెంత ఎత్తో ఈవిడవీ అంతే ఎత్తు" అంటుంటే నోళ్లు తెరుచుకుని విన్నాం.

గోంగూర వలుస్తున్న మా అత్తగారు మాత్రం తలెత్తకుండా, "దానికంత దూరం పోవాలా? మన సాగర్లో చెయ్యలా?" అన్నారు.

నిజమే సుమండీ! నరసరావుపేట నుంచి రెండున్నర గంటల ప్రయాణం. కాపురానికొచ్చి పదహారేళ్లయినా నాగార్జునకొండ చూడలేదు నేను. కారణం అత్తగారే. ఆవిడ పుట్టిన ఊరు ఆ నీళ్ల కింద ఉంది. వెళ్దామంటే ప్రతిసారీ ఏదో ఒక సాకు. పోయిన కార్తీకంలో వనభోజనాలు అక్కడేనని వీధివాళ్లమంతా మినీబస్సు మాట్లాడుకుంటే, ఆవిడ ఏమీ అనకుండా వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు.

పిడుగురాళ్ల దాటాక రోడ్డుకి రెండువైపులా పత్తి విచ్చి తెల్లగా ఉంది. మిరప పూత మీదుంది. మాచర్లలో టిఫిన్లు కానిచ్చి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. గైడు పెద్దాయన. చేతిలో కాగితం లేకుండా గడగడా చెప్పుకుపోయాడు.

ఇప్పుడు దీవిలా కనిపించేది ఒకప్పటి కొండ కొస మాత్రమేనట. చుట్టూ ఉన్న లోయలో క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఎ.ఆర్. సరస్వతి అనే శాసన పరిశోధకుడు ఈ చోటు కనిపెట్టారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆనకట్ట కట్టడం ఖాయమయ్యాక, 1954 నుంచి 60 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా గాలించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. ఈజిప్టు గుడుల కోసం యునెస్కో ప్రపంచాన్ని చందాలడిగింది 1960లో. అప్పటికి మనవాళ్ల తవ్వకాలు పూర్తి కావొచ్చాయన్నమాట!

కొండమీద మ్యూజియం, మళ్లీ కట్టిన కట్టడాలు ఉన్నాయి. మేమంతా నిలువెత్తు బుద్ధుడి ముందు ఫోటోలు దిగుతుంటే గైడు, "అమ్మా, ఇది ఆడవాళ్లు కట్టిన ఊరు" అన్నాడు. నేను కెమెరా దించేశాను.

మహాచైత్యాన్ని నిలబెట్టింది చాంతిసిరి. మొదటి రాజు చాంతమూలుడికి చెల్లెలు, తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. అన్నగారేమో అశ్వమేధం చేసిన మనిషి, చెల్లెలేమో బౌద్ధ స్తూపం కట్టించింది. ఒకే ఇల్లు! వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లని చేసుకున్నాడని శాసనాలు చెబుతున్నాయి. "మేనరికం అప్పట్నుంచీ ఉందన్నమాట" అని మా బస్సంతా ఒకటే నవ్వు. (ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు లెండి.) అతని కూతురు కొడబలిసిరి వనవాసి రాజుకి భార్య. పుట్టింటి ఊళ్లో భిక్షువులకి విహారం కట్టించింది. అత్తారింటికెళ్లినా పుట్టిల్లు మరవలేదు పాపం.

రాణుల మాట సరే. నాకు బాగా నచ్చింది బోధిసిరి. రాజుల బిడ్డ కాదు, మామూలు ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ పుణ్యం ఎవరెవరికి చెందాలో రాతిమీద చెక్కించింది. భర్త, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు... పేరుపేరునా! పెళ్లిపత్రికలో ఎవరి పేరు పోతే ఎవరు అలుగుతారోనని మనం రాసుకున్నట్టే.

ఇక్కడే దొరికిన మరో అమ్మవారి శిల్పం మీద రాణి ఖండువుల తన గురించి చెప్పుకున్న మాటల్లో రెండు ఇవి. 'అవిధవ', 'జీవపుత్ర'. అంటే మొగుడూ కొడుకూ చల్లగా ఉన్నారని. పదిహేడు వందల ఏళ్ల నాటి మహారాణి కూడా ఇదే చెప్పుకుందే అని నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు...

తిరుగు లాంచీలో అత్తగారు గైడుని దగ్గరికి పిలిచారు.

"నాయనా, ఇంతసేపూ రాజుల ఊరు చెప్పావు. మా ఊరు ఎటేపు?"

ఆవిడ చెప్పిన పేరు విని గైడు కాసేపు ఆలోచించి, కొండల వరస చూసి ఒకవైపు చెయ్యి చాపాడు. "అటు ఉండొచ్చమ్మా. గుర్తేమీ లేదుగా."

నీళ్లే. ఒక పడవ కూడా లేదు.

"పదేళ్లదాన్ని అప్పుడు" అన్నారు అత్తగారు. "మా నాన్న తలుపులు, వాసాలు ఊడదీసి బండికెత్తాడు. మాయమ్మ రోలు కూడా వెయ్యమంది. బరువని వెయ్యలా. అది మట్టుకు తల్చుకుంటానే ఉండేది, పోయేదాకా."

కొంగుముడి విప్పి పసుపు, కుంకుమ నీళ్లలో వదిలారు. నాకేం మాట్లాడాలో తోచలేదు. మా మామగారి నాలుగెకరాలు మెట్టగా ఉండి, ఈ కుడికాలవ వచ్చాకే మిరపా పత్తీ పండింది. ఆ పంట మీదే మా ఆడపడుచుల పెళ్లిళ్లు, మావారి చదువు, నా మెళ్లో గొలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మాలాంటి ఇళ్లెన్నో! ఆవిడ పుట్టిల్లు మునిగిన నీళ్లే అత్తారింటిని నిలబెట్టాయి. ఆవిడ ఈ మాట ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు.

మధ్యాహ్నం అనుపులో ఉసిరిచెట్టు చూసుకుని భోజనాలు. పులిహోర, దోసావకాయ, గుత్తివంకాయ. లోయలోంచి తెచ్చి అక్కడ మళ్లీ పేర్చిన మెట్ల రంగస్థలం ఉంది. కింద నిలబడి చప్పట్లు కొడితే పై మెట్టు దాకా వినిపిస్తుందని పిల్లలు చేతులు ఎర్రబడేదాకా కొట్టారు. ఎవరైనా వెళ్తే నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో, లాంచీలు నడుస్తున్నాయో లేదో కనుక్కుని పొద్దున్నే బయలుదేరండి. మేం కొండమీద గంటసేపే ఉన్నాం, చాలలేదు.

మాచర్ల దాటేసరికి చీకటి పడింది. వెనక సీట్లో మా అమ్మాయి నానమ్మ పక్కన చేరి నోట్‌బుక్ తీసింది.

"నానమ్మా, మీ వీధిలో ఎవరెవరుండేవాళ్లు? వరసగా చెప్పు, రాసుకుంటా."

"ఎందుకే?"

"బోధిసిరి రాయించింది కదా."

అత్తగారు నవ్వారు. "రాముడి గుడి కాణ్ణించి మొదలుపెట్టు. దాని పక్కన కుమ్మరోళ్లు. తర్వాత మా మేనమామ వాళ్లది, రెండు గదుల ఇల్లు. ఆ పక్కన బావి. బావి కూడా రాయి..."

పిడుగురాళ్ల వచ్చేసరికి మూడో పేజీలో ఉన్నారు.