మెడనొప్పి: పాడి రైతు తెలుసుకోవలసిన సంగతులు

గేదెకు పొదుగు వాచిందంటే ఆ పూటకాపూటే పశువైద్యుని దగ్గరకు పరుగెత్తుతాం. పాలు పితికే మనిషికి మెడ పట్టేస్తే మాత్రం "రెండు రోజుల్లో అదే పోతుందిలే" అని ఊరుకుంటాం. చాలామందికి అది నిజంగానే పోతుంది. కొందరికి పోదు. మెడలో మొదలైన బాధ భుజానికి, మోచేతికి, వేళ్ళకు దిగి, చివరకు చన్ను పట్టి పిండే బలం కూడా సన్నగిల్లుతుంది. చేతి పట్టు పోతే ఇంట్లో పాడి నడవదు. అందుకే ఈసారి పశువు సంగతి కాస్త పక్కన పెట్టి, దాన్ని సాకే మనిషి సంగతి ముచ్చటిస్తున్నాం.

మెడ ఎందుకు నొస్తుంది?

మెడలో ఏడు వెన్నుపూసలున్నాయి. పైరెండు పూసల మధ్య తప్ప, పూసకూ పూసకూ నడుమ మెత్తని బిళ్ళ ఉంటుంది. దీన్నే డిస్కు అంటారు. సుమారు 5 కిలోల తల ఈ ఏడు పూసల మీద నిలబడి ఉంటుంది. తల నిటారుగా ఉన్నంతసేపు మెడ వెనుక కండరాలకు శ్రమ తక్కువ. తల ముందుకు వంచేకొద్దీ దానిని పట్టి ఉంచడానికి ఆ కండరాలు బిగుసుకోవాలి. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

ఇక మన పనులు చూడండి. ధవళేశ్వరం పరిసరాల లంకల్లో పచ్చగడ్డి కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతాం. గొంతుక్కూర్చుని, తలను గేదె డొక్కకు ఆనించి, మెడ ఒక పక్కకు తిప్పి పితుకుతాం. 40 లీటర్ల క్యానును ఒక్కరే ఎత్తుతాం. పాల సాంద్రత సుమారు 1.03 అని లాక్టోమీటరు చూసే మనందరికీ తెలుసు. ఆ లెక్కన క్యానులోని పాలే 41 కిలోలు, క్యాను బరువు అదనం. సంఘ కార్యదర్శులు బరువు మోయకపోయినా పరీక్షల దగ్గర, లెక్కల దగ్గర తల వంచుకునే ఉంటారు. ఇంటికి వచ్చాక అందరం సెల్‌ఫోను మీద మళ్ళీ తల వంచుతాం.

వేళ్ళలో తిమ్మిరి ఎక్కడిది?

డెల్టా రైతుకు ఇది సులభంగా అర్థమవుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుండి మన శివారు పొలాల బాగోగులు ఇక్కడి హెడ్ స్లూయిస్‌తో ముడిపడి ఉన్నాయి. కాలువ మొదట్లో అడ్డు పడితే ఎండేది మాత్రం ఎక్కడో చివరనున్న చేను. మెడ కూడా అటువంటిదే. మెడ నుండి ఎనిమిది జతల నరాలు బయలుదేరతాయి. వాటిలో కింది జతలు భుజాలకు, చేతులకు పోతాయి. పూసల మధ్య బిళ్ళ ఉబ్బినా, ఎముక అంచు పెరిగినా నరం మొదట్లో నొక్కుకుంటుంది. తిమ్మిరి తెలిసేది వేలి కొసన. అక్కడ ఎంత తైలం మర్దించినా ఏం లాభం?

అయితే వేళ్ళలో తిమ్మిరి అంతా మెడదే అనుకోరాదు. చేత్తో పాలు పితికేవారికి మణికట్టు దగ్గర కూడా నరం నొక్కుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రివేళ తిమ్మిరెక్కి నిద్రలేపుతుంటే మణికట్టును కూడా చూడమని వైద్యునితో చెప్పండి.

ఎక్స్‌రేలో అరుగుదల కనబడితే భయపడాలా?

"పూసలు అరిగాయి" అన్న మాట వినగానే ఇక పని మానేయాలేమోనని చాలామంది దిగులు పడతారు. వయసుతోపాటు జుట్టు నెరిసినట్లే డిస్కులూ మారతాయి. జపానులో మెడ బాధ ఏమీ లేని 1211 మందికి ఎం.ఆర్.ఐ. తీసి ఆ ఫలితాలను 2015లో ప్రకటించారు. వారిలో నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బు కనిపించింది. కాబట్టి బొమ్మలో కనబడిన ప్రతి మార్పూ నొప్పికి కారణం కాదు. బొమ్మకంటే మనిషిని పరీక్షించి చూడడమే ముఖ్యం. అయితే నెత్తిన బరువులు మోసేవారి మెడ పూసల్లో అరుగుదల ఎక్కువని వివిధ దేశాల్లో పరిశీలించినవారు చెబుతున్నారు. అందువల్ల బరువు తగ్గించుకోవడం తెలివైన పని.

ఫిజియోథెరపీ ఏమి చేస్తుంది?

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం, వేడి పెట్టడం మాత్రమే అనుకుంటారు. అవి ఉపశమనానికి మాత్రమే. అసలు పని వ్యాయామానిది. బిగిసిన కండరాన్ని సాగదీయడం, బలహీనపడిన కండరానికి బలం పెంచడం, రోగి చేసే పని తీరు చూసి దానిని సరిదిద్దడం ఈ చికిత్సలోని ముఖ్యాంశాలు. ఫలితం రెండు రోజుల్లో రాదు. కొన్ని వారాలు క్రమం తప్పకుండా చేయాలి. నరం నొక్కుకున్నవారిలో కూడా ఎక్కువమంది ఆపరేషను లేకుండానే కొన్ని వారాల నుండి కొన్ని నెలల్లో తేరుకుంటారు. బి.పి.టి. డిగ్రీ ఉన్నవారి దగ్గరకే వెళ్ళండి.

ఇంటి దగ్గర చేయదగినవి

1. నిటారుగా కూర్చుని, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాగండి. 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు.
2. తలను మెల్లగా కుడికి, తరువాత ఎడమకు, నొప్పి ఎక్కువ కానంత వరకే తిప్పండి. ఒక్కో పక్కకు 10 సార్లు.
3. అరచేతిని నుదుటికి ఆనించి, తలతో చేతిని నెట్టండి. తల కదలరాదు. 5 సెకన్లు చాలు. ఇలాగే రెండు పక్కలా, తల వెనుకా చేయండి. ఒక్కో వైపు 5 సార్లు.
4. రెండు రెక్కల ఎముకలను వెనక్కి దగ్గరగా లాగి, 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా 10 సార్లు.

ఉదయం, సాయంత్రం చేయండి. ముందుగా 15 నిమిషాలు వేడి కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. వ్యాయామం వల్ల చేతిలోకి నొప్పి దిగుతుంటే ఆపి, ఫిజియోథెరపిస్టును అడగండి.

పనిలో మార్పులు

పెద్ద మోపు ఒకటి కాక చిన్న మోపులు రెండు తేండి. సైకిలో, తోపుడు బండో ఉంటే నెత్తిన అసలే వద్దు. తప్పనప్పుడు చుట్టకుదురు పెట్టుకుని, మోపు ఎత్తడానికీ దించడానికీ రెండవ మనిషి సాయం తీసుకోండి. పితికేటప్పుడు చిన్న పీట వేసుకోండి. క్యానుకు రెండు పిడులున్నది ఇద్దరు పట్టడానికే. పడుకునేటప్పుడు ఎత్తు తలగడలు రెండు పెట్టుకోకుండా, మెడ వీపుతో సమంగా ఉండేటట్లు ఒకటి పెట్టుకోండి.

నొప్పి ఎక్కువగా ఉన్న ఒకటి రెండు రోజులు బరువు పనులు మానండి. తరువాత మెల్లగా కదలికలో పడండి. నెలల తరబడి మెడపట్టీ వేసుకుని కూర్చుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం: ఇవి వెన్నుపామే నొక్కుకుంటున్నదనడానికి గుర్తులు. ఇటువంటప్పుడు వ్యాయామాలు మొదలుపెట్టక, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మోపుతో జారిపడినా, బండి మీద నుండి పడినా తరువాత వచ్చిన మెడనొప్పిని పరీక్ష చేయించాలి. మెడ బిగుసుకుని జ్వరం, తలనొప్పి ఉన్నా, మెడ, దవడ, చేయి లాగుతూ గుండెల్లో బరువు, చెమటలు ఉన్నా క్షణం ఆగరాదు. రాజమహేంద్రవరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఏర్పడింది. దాని అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రి ధవళేశ్వరం వారికి దగ్గరే.

ఇంకొక్క హెచ్చరిక. క్షవరం తరువాత మెడ పట్టుకుని "టక్" మనిపించుకోవడం కొందరికి అలవాటు. అరుదుగానైనా మెడలోని రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. వద్దని నిర్మొహమాటంగా చెప్పండి.

చివరిగా సంఘాలకు ఒక మనవి. పాల కేంద్రం దగ్గర క్యాను ఎత్తేటప్పుడు పక్కనున్నవారు రెండవ పిడి పట్టుకోవడం ఆనవాయితీ చేయండి. వచ్చే సమావేశంలో పై నాలుగు వ్యాయామాలను అందరి చేతా ఒకసారి చేయించండి. ఖర్చు లేని పని. సహకారం అనే మాటకు ఇంతకంటే దగ్గరి అర్థం ఏముంది?