సొరుగులో పుట్టిన నాదము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఓహైయో రాష్ట్రమున సిన్సినాటి యను నగరము కలదు. 1966–67 ప్రాంతమున ఆ నగరమందు రీడ్ గజాలా యను బాలుడు విద్యార్థిదశలో నుండెను. అతనియొద్ద ఆటవస్తువువంటి చిన్న యాంప్లిఫైయరు ఒకటి యుండెను. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పనిచేయు ఆ యంత్రమునకు వెనుకమూత ఊడియుండెను. ఒకనాడు దానిని ఆపకయే మేజాసొరుగులో నుంచి, సొరుగు మూసెను. వెంటనే లోపలినుండి వింతధ్వనులు వెలువడసాగెను. అవి ఆనాటి గొప్ప విద్యుత్సంగీత యంత్రములు పలికించు నాదములను పోలియుండెను. సొరుగులోని లోహమేదియో యంత్రపు లోపలి భాగములకు తగిలి, కలియరాని బిందువులను కలిపినది. దీనినే షార్టు సర్క్యూటు అందురు.

ఇట్టిది జరిగినపుడు ఎవరైనను చేయు పని యొకటే: గబగబ యంత్రమును ఆపి, చెడిపోయెనేమోయని చూచుట. ఆ బాలుడు మొదట వినెను. దైవికముగా తగిలిన లోహమే ఇంతటి నాదమును పుట్టించినచో, కావలెనని కలిపినపుడు ఏమగునో యని ఆలోచించెను. విద్యుత్తుతో నాదమును కల్పించు సింథసైజరును రాబర్టు మూగ్ 1964లోనే రూపొందించెను గాని, దాని వెల వేలకొలది డాలర్లు. అట్టి వాద్యపు ఛాయ ఒక ఆటవస్తువులో వినబడుట సామాన్యమా? గజాలా ఆ యంత్రమునకు మీటలు అమర్చి, తన యిష్టప్రకారము పలుకునట్లు చేసెను. ఈ విద్యకు ‘సర్క్యూట్ బెండింగ్’ అను పేరు పెట్టినవాడును అతడే. 1992లో ఒక వాద్యపత్రికకు వ్రాసిన వ్యాసములలో ఆ మాటను వాడెను. 2005లో దీనినిగూర్చి గ్రంథమును ప్రకటించెను. సర్క్యూట్ బెండింగ్ అనగా వలయమును వంచుట. వంగునది తీగ కాదు, విద్యుత్తు నడచు త్రోవ.

ఎలక్ట్రానిక్సు నేర్వగోరు విద్యార్థికి ఈ పనికి తగిన వస్తువు, తిరునాళ్లలో అమ్ము చౌకబారు బొమ్మ కీబోర్డు. అది తనదై యుండవలెను. తమ్ముని కీబోర్డును అతడు నిద్రించుచుండగా విప్పుట శాస్త్రపరిశోధన యనిపించుకొనదు. వెనుకనున్న మరమేకులు తీసినచో ఒక పలక కనబడును. దానిపై రాగిదారులు, చిన్న చిన్న భాగములు, నడుమ తారుబొట్టువలె నల్లని ముద్ద యొకటి యుండును. ఆ ముద్దక్రింద దాగియున్నదే చిప్పు. స్వరములన్నియు దానిలోనే పుట్టును.

చిప్పు తన పనిని అడుగడుగుగా చేయును. ఆ అడుగులకు తాళము వేయు భాగమొకటి యుండును. భజనలో తాళము వేయువాడు నెమ్మదించిన పాడువారందరును నెమ్మదింతురు గదా! కీబోర్డులోనును అట్లే జరుగును. కాని భజనలో శ్రుతి మారదు, ఇచట శ్రుతియు దిగిపోవును. తాళపు వేగమును చిప్పు భాగించి స్వరములను కల్పించుటయే ఇందులకు కారణము. పెక్కు చౌకబొమ్మలలో ఈ వేగమును నిర్ణయించునది ఒక నిరోధకము. రంగుచారలతో చిన్న గొట్టమువలెనో, నువ్వుగింజంత నల్లని పలుకువలెనో అది యుండును. దాని నిరోధమును రెట్టింపు చేసినచో వేగము సుమారు సగమగును. సెకనుకు 440 కంపనములు గల స్వరము 220 కంపనములకు దిగును. సంగీతపరిభాషలో చెప్పవలెనన్న, మధ్యస్థాయి షడ్జము మంద్రస్థాయి షడ్జమగును. ఆ నిరోధకమునకు బదులు, రేడియోలో ధ్వనిని హెచ్చించుటకు త్రిప్పునట్టి మీటను అమర్చిన, పిల్లలపాట ఏనుగు ఘీంకారమువలెను, కీచురాయి కూతవలెను మారును. కొన్ని కీబోర్డులలో తాళము వేయునది క్వార్ట్జు స్ఫటికము. వానియందు ఈ ఉపాయము సాగదు.

ఇక కొత్త నాదములను వెదకు విధము. కీబోర్డులోని పాటను మ్రోగనిచ్చి, తీగ యొక కొనను పలకపై ఒక బిందువునకు ఆనించి, రెండవ కొనతో ఇతర బిందువులను ఒక్కొక్కటిగా క్షణమాత్రము తాకవలెను. తీగ నడుమ వేయి ఓముల నిరోధకమును కలిపిన, అపాయము కొంత తగ్గును. పెక్కు చోట్ల ఏమియు జరుగదు. కొన్నిచోట్ల గరగర వినబడును. ఎచటనో ఒకచోట పాట తలక్రిందులై, ఎవరును వ్రాయని కొత్త పాట యగును. ఆ రెండు బిందువులకును గుర్తు పెట్టి, పుస్తకములో వ్రాసికొనవలెను. వ్రాసికొననివానికి ఆ నాదము మరల దొరకుట కష్టము. గుర్తించిన బిందువులకు పిమ్మట తీగలను టంకముతో అతికి, నడుమ స్విచ్చి నుంచవలెను. టంకము వేయు కమ్మి కొన సుమారు 350 డిగ్రీల వేడి గలది గాన, ఆ పనికి పెద్దలు దగ్గర నుండవలెను. కిటికీలు తెరచి యుంచవలెను.

ఒక్కొక్కప్పుడు కీబోర్డు స్తంభించి, ఒకే కూత కూయుచు ఉండిపోవును. బ్యాటరీలు తీసి, కొంతసేపటికి మరల పెట్టిన చాలును. ఎన్నటికిని పలుకకపోవుటయు కలదు. బ్యాటరీ రెండు కొనలను నేరుగా కలిపినచో తీగ కాలును. చౌకవస్తువునే ఎన్నుకొనుమనుటకు హేతువిదియే.

ఈ విద్యలో దాటరాని గీత యొకటి కలదు. గోడప్లగ్గునకు తగిలించిన ఏ యంత్రమునైనను ఇట్లు ముట్టరాదు. మన యిండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణము తీయగలదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ, అట్టి యంత్రములలోని కెపాసిటరులు కొంతకాలము విద్యుత్తును నిలువచేసికొని యుండును. బ్యాటరీ యున్నంతమాత్రమున ప్రతి వస్తువును క్షేమకరమనియు తలపరాదు. పాత కెమెరాల ఫ్లాషులో ఒకటిన్నర వోల్టు బ్యాటరీయే యున్నను, లోని కెపాసిటరు సుమారు 300 వోల్టులకు ఎక్కును. మరల మరల ఛార్జి చేయు లిథియము బ్యాటరీలును ఇందులకు పనికిరావు. షార్టు అయినచో అవి మండగలవు. మూడు నాలుగు టార్చి బ్యాటరీలతో పనిచేయు బొమ్మయే తగినది.

అట్టి బొమ్మలో మాత్రము తీగకు బదులు వ్రేలినే వాడవచ్చును. మానవుని చర్మము కూడ ఒక నిరోధకమే. వ్రేలు పొడిగా నున్నపుడు నిరోధము హెచ్చు. తడిసినను, గట్టిగా నొక్కినను తగ్గును. తాళపు నిరోధకము రెండు కొనలపై వ్రేలు ఆనించినచో, మొత్తము నిరోధము తగ్గి శ్రుతి పైకి జారును. నొక్కుడు కొలది గమకము పలుకును. వాయించువాని దేహమే వలయములో నొక భాగమగునన్నమాట. గజాలా తన వాద్యములలో ఇందులకై లోహపు బొడిపెలను అమర్చెను. చెమటపట్టిన చేతికి ఒక తీరుగా, ఆరిన చేతికి ఇంకొక తీరుగా అవి పలుకును.

అతడు చేపట్టిన వస్తువులలో ‘స్పీక్ అండ్ స్పెల్’ అను బొమ్మ పేరుగాంచినది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1978లో దానిని పిల్లలకు ఇంగ్లీషు వర్ణక్రమము నేర్పుటకై తయారుచేసెను. పదమును పలికి, అక్షరములను అడిగి, తప్పినచో దిద్దు బొమ్మ యది. వలయమును వంచిన పిమ్మట అది పదములను నడుమ త్రుంచి, నత్తిగా నొకసారి, గొణుగుచు నొకసారి, ఏ నిఘంటువునను లేని మాటలను వల్లించుచుండును. గజాలా దానికి ‘ఇన్‌కాంటర్’ అని పేరు పెట్టెను. మంత్రము చదువునది యని దాని భావము.