లాగిన్ కాకపోతే తప్పు పాస్‌వర్డ్‌దేనా?

ఆర్జిత సేవలను, వసతి గదులను దేవస్థానం వెబ్‌సైట్ ద్వారా నమోదు చేసుకునే భక్తులకు గత ధనుర్మాసంలో ఒక ఉదయం ఇబ్బంది కలిగినది. కొందరు ఎంత ప్రయత్నించినా లాగిన్ కాలేకపోయారు. కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాడిగా అది ఎందుకు జరిగినదో, అటువంటప్పుడు ఏమి పరిశీలించాలో, భక్తులు ఏమి చేయవచ్చునో తెలియజేయడం నా బాధ్యత అని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందురోజు రాత్రి ఏకాంత సేవ ముగిసిన పిమ్మట డేటాబేస్ సర్వర్‌ను ఆపి, భద్రతకు అవసరమైన మార్పులు చేసి, తిరిగి ప్రారంభించాము. నేనే స్వయంగా లాగిన్ అయి చూసి, అంతా సవ్యముగా ఉన్నదని ఇంటికి వెళ్ళాను. ఉదయం 6 గంటలకు సేవా టికెట్ల నమోదు మొదలయినది. కొద్ది నిమిషాలకే ఒక వృద్ధురాలు ఫోన్ చేశారు.

"నాయనా, పాస్‌వర్డ్ తప్పని వస్తోంది. క్యాలెండర్ వెనుక రాసిపెట్టుకున్నదే కొడుతున్నాను" అన్నారు.

"సరిగా చూసుకోండమ్మా, ఎక్కడో పొరబడుతున్నారు" అన్నాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది నాయనా, నాదే పొరపాటయి ఉంటుంది" అని ఫోన్ పెట్టివేశారు. ఆ తరువాత అదే ఫిర్యాదుతో వరుసగా ఫోన్లు వచ్చాయి. ఇంతమంది ఒకే ఉదయం పాస్‌వర్డ్ మరచిపోవడం జరిగే పని కాదు. అప్పుడు గాని నాకు అనుమానం కలుగలేదు.

ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. వెబ్‌సైట్, డేటాబేస్ రెండూ వేరు. వెబ్‌సైట్ మన టికెట్ కౌంటరు వంటిది. డేటాబేస్ లోపల దస్త్రాలు ఉండే గది వంటిది. భక్తులు ఇచ్చిన పాస్‌వర్డ్ సరియైనదా కాదా అని కౌంటరులోనివారు లోపలి గదికి వెళ్ళి దస్త్రం చూసి చెప్పాలి. ఆ గదిలోనికి వెళ్ళడానికి వెబ్‌సైట్‌కు తనదంటూ వేరొక తాళంచెవి ఉంటుంది. గది తెరుచుకోనప్పుడు భక్తుల పాస్‌వర్డ్‌ను ఎవరూ పరీక్షించనే లేదని అర్థం. కౌంటరు తెరిచి ఉన్నందున వెబ్‌సైట్ పేజీ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది.

మేము వాడుతున్న డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. లోపం ఎక్కడున్నదో వెబ్‌సైట్ లాగ్ ఫైలులోని దోష సంఖ్య తెలుపుతుంది. పునఃప్రారంభం తరువాత ముఖ్యముగా నాలుగు సంఖ్యలు చూడాలి.

2003 కనిపిస్తే వెబ్‌సైట్ అసలు సర్వర్‌ను చేరుకోలేదు. సర్వర్ ఇంకా లేవలేదేమో, దాని చిరునామా మారినదేమో, 3306 అనే పోర్టును ఫైర్‌వాల్ అడ్డగిస్తున్నదేమో చూడాలి. విద్యుత్తు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగి ఉంటే, లేచిన వెంటనే అది తన చిట్టాలను సరిచూసుకుంటుంది. ఆ సమయంలో తొందరపడి మరల ఆపి ప్రారంభించరాదు.

2006 కనిపిస్తే పాత కనెక్షన్లు తెగిపోయినవి. ప్రతిసారీ కొత్తగా తలుపు తీయకుండా వెబ్‌సైట్ కొన్ని కనెక్షన్లను తెరిచి ఉంచుకుంటుంది. సర్వర్ ఆగినప్పుడు అవి చచ్చిపోతాయి. వెబ్‌సైట్ మాత్రం అవి ఉన్నాయనే భ్రమలో ఉంటుంది. వెబ్‌సైట్‌ను కూడా ఒకసారి పునఃప్రారంభించాలి. లేదా వాడే ముందు కనెక్షన్‌ను పరీక్షించుకునే ఏర్పాటు చేయాలి.

1045 అంటే వెబ్‌సైట్ చేతిలోని తాళంచెవి పనిచేయడం లేదు. ఇది భక్తుల పాస్‌వర్డ్‌కు సంబంధించినది కాదు.

1040 అంటే కనెక్షన్ల సంఖ్య పరిమితిని దాటినది. ఆ ఉదయం మా లాగ్ ఫైలు నిండా ఉన్నది ఇదే.

మైఎస్‌క్యూఎల్ సహజ పరిమితి 151 కనెక్షన్లు. మా వెబ్‌సైట్ రెండు సర్వర్లపై నడుస్తున్నది. రద్దీలో ఒక్కొక్కటి 100 వరకు కనెక్షన్లు తెరుస్తుంది. అందుకే కొన్ని నెలల క్రితం పరిమితిని 300కు పెంచాను. అయితే నేను వాడిన సెట్ గ్లోబల్ అనే ఆదేశం నడుస్తున్న సర్వర్‌కు మాత్రమే వర్తిస్తుంది. దానిని సెట్టింగుల ఫైలులో వ్రాయలేదు. సర్వర్ ఆగి లేవగానే పరిమితి తిరిగి 151కి వచ్చినది. రాత్రి నేనొక్కడినే పరీక్షించినందువలన ఈ లోపం బయటపడలేదు. ఉదయం రద్దీలో కొందరికి లాగిన్ అయినది, కొందరికి కాలేదు. ఇలా కొందరికే కావడం కూడా ఈ లోపానికి ఒక గుర్తు.

పరిమితి నిండినా నిర్వాహకునికై ఒక కనెక్షన్ అదనముగా ఉంటుంది. దాని ద్వారా ప్రవేశించి పరిమితిని తిరిగి 300 చేశాను. ఈసారి సెట్ పర్సిస్ట్ అనే ఆదేశం వాడాను. మైఎస్‌క్యూఎల్ 8.0 నుండి ఉన్న ఈ ఆదేశం మార్పును ఫైలులో కూడా నమోదు చేస్తుంది. మరునాటి రాత్రి సర్వర్‌ను కావాలనే ఆపి, తిరిగి ప్రారంభించి, మార్పు నిలిచినదని నిర్ధారించుకున్నాను.

అయినను అసలు దోషం ఒకటి మిగిలినది. ఏ కారణం చేత లాగిన్ కాకపోయినా మా వెబ్‌సైట్ "పాస్‌వర్డ్ తప్పు" అనే చెప్పేది. మా గది తలుపు తెరుచుకోనందుకు భక్తుల జ్ఞాపకశక్తిని నిందించినట్లయినది. ఇప్పుడు అటువంటి సమయంలో "సాంకేతిక అంతరాయం, మీ పాస్‌వర్డ్‌ను మార్చవద్దు" అని కనిపించే ఏర్పాటు చేశాము.

భక్తులకు నా విన్నపం. ఎప్పుడూ పనిచేసే పాస్‌వర్డ్ హఠాత్తుగా తప్పని వస్తే, ఒకసారి జాగ్రత్తగా సరిచూసి కొట్టండి. అప్పటికీ కాకపోతే మీటను పదే పదే నొక్కకండి. దానివలన రద్దీ మరింత పెరుగుతుంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చకండి. ఆ ఉదయం మధ్యలో వీలు దొరికి మార్చుకున్నవారు తరువాత పాతది ఏదో కొత్తది ఏదో తెలియక తికమకపడ్డారు. కొంతసేపు ఆగి ప్రయత్నించండి, లేదా కార్యాలయానికి తెలియజేయండి. సహాయం చేస్తామని ఎవరు ఫోన్ చేసినా పాస్‌వర్డ్, ఓటీపీ చెప్పవద్దు. మేము వాటిని ఎన్నడూ అడగము.

ఆ సాయంకాలం ఆ వృద్ధురాలికి ఫోన్ చేసి, "పొరపాటు మీది కాదమ్మా, నాది. మన్నించండి" అన్నాను. క్యాలెండర్ వెనుక ఉన్నదే కొట్టమన్నాను. లాగిన్ అయినది. "అయితే నా మతి బాగానే ఉందన్నమాట" అని ఆమె నవ్వారు. టికెట్ దొరికినదా అని నేను అడిగేలోపే, "ఇక హాయిగా నిద్రపోతాను నాయనా" అన్నారు.